సిలిండర్ మళ్లీ భుజానికి ఎప్పుడు ఎత్తుకోవాలి?

ప్రశ్న: నా వయసు 41. హనుమకొండలో ఒక గ్యాస్ ఏజెన్సీలో పద్నాలుగేళ్లుగా సిలిండర్లు డెలివరీ చేస్తున్నాను. కడుపులో మంటగా ఉంటోందని స్కానింగ్ తీయిస్తే కుడి కిడ్నీలో గడ్డ బయటపడింది. ఏడు వారాల కిందట హైదరాబాద్‌లో ఆరోగ్యశ్రీ మీద లాపరోస్కోపీ చేసి ఆ కిడ్నీని తీసేశారు. 5.5 సెంటీమీటర్ల క్యాన్సర్ గడ్డ అని, కిడ్నీ దాటి పోలేదని రిపోర్టు వచ్చింది. కీమో అక్కర్లేదన్నారు. కీమో ఇవ్వకపోతే మళ్లీ వస్తుందని చుట్టాలు భయపెడుతున్నారు. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, ఆపరేషన్‌కి ముందు 0.9 ఉండేది, ఇప్పుడు 1.4 వచ్చింది. ఉన్న ఒక్క కిడ్నీ కూడా పోతోందా? కుట్లు మానిపోయాయి గానీ మధ్యాహ్నం అయ్యేసరికి ఒళ్లు తూలిపోతోంది. ఓనర్ రోజూ ఫోన్ చేసి ఎప్పుడొస్తావని అడుగుతున్నాడు. మా ఆవిడ ఈ పనే మానేయమంటోంది. లోడ్ ఎక్కువైన రోజు రాత్రి ఒక నొప్పుల గోళీ వేసుకుని పడుకోవడం నాకు ఎప్పటినుంచో అలవాటు. ఒక కిడ్నీతో సిలిండర్ మోయొచ్చా? - ఒక సోదరుడు, హనుమకొండ

సమాధానం:

తమ్ముడూ, మీ ఉత్తరంలో అన్నిటికంటే నన్ను ఆపేసిన మాట సిలిండర్ గురించి కాదు. చివర్లో మామూలుగా అనేసిన ఆ నొప్పుల గోళీ. దాని దగ్గరికి వస్తాను. యూరాలజీ వార్డులో ఇరవై రెండేళ్లు నర్సుగా చేశాను. కిడ్నీ తీయించుకుని మళ్లీ కష్టం చేసుకుని బతికినవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి ముందు మీరు అడిగినదానికే జవాబు చెబుతాను.

ఒక కిడ్నీతో బరువు మోయొచ్చు. బరువు ఎత్తినందువల్ల మిగిలిన కిడ్నీకి ఏమీ కాదు. అది నడుం పైభాగంలో, పక్కటెముకల చాటున, కొవ్వు పొరలో భద్రంగా ఉంటుంది. ఇప్పుడు మీకు బరువు వద్దనేది కిడ్నీ కోసం కాదు, పొట్ట గోడ కోసం. లాపరోస్కోపీ అంటే నాలుగు చిన్న రంధ్రాలే అనుకుంటారు అందరూ. కానీ కిడ్నీని సంచిలో వేసి బయటికి తీయడానికి ఇంకో కోత పెడతారు. మీ పొట్ట మీద మిగతావాటికంటే పొడుగ్గా, మూడంగుళాల దాకా ఒక గాటు ఉంటుంది చూడండి, అదే. దాని మీద చర్మం రెండు వారాల్లో అతుక్కుంటుంది. చర్మం కింద, కండరాలను పట్టి ఉంచే దళసరి పొర ఒకటుంది. దానికి ఆరు వారాలకు కూడా పూర్తి బలం రాదు, నెలల తరబడి గట్టిపడుతూనే ఉంటుంది. "కుట్లు మానిపోయాయి" అని మీరు రాసింది చర్మం సంగతి. లోపలిది మీకు కనిపించదు.

ఆ పొర గట్టిపడకముందే ముప్పై కిలోలు భుజానికెత్తి, ఊపిరి బిగబట్టి మూడంతస్తులు ఎక్కితే కడుపులోని ఒత్తిడంతా ఆ మూడంగుళాల మీదే పడుతుంది. పొర విచ్చుకుని పేగు బయటికి ఉబుకుతుంది. హెర్నియా అంటారు. మా వార్డులో ఒక మేస్త్రీ ఉండేవాడు. నెల తిరక్కుండానే సిమెంటు బస్తా ఎత్తాడు. నాలుగు నెలలకు నిమ్మకాయంత ఉబ్బుతో మళ్లీ మా దగ్గరికే వచ్చాడు. కిడ్నీ ఆపరేషన్ నుంచి సుబ్బరంగా కోలుకున్న మనిషి, ఈ రెండో ఆపరేషన్‌కి ఇంకో మూడు నెలల కూలి పోగొట్టుకున్నాడు. తొందరపడి మిగుల్చుకున్నది రెండు వారాల కూలి.

ఒక పని చేయండి. మంచం మీద వెల్లకిలా పడుకుని, ఆ పొడుగు గాటు మీద అరచెయ్యి ఆనించి, తల మాత్రం పైకెత్తి గడ్డం ఛాతీకి తగిలేలా చూడండి. చేతి కింద ఏదైనా ఉబ్బెత్తుగా తోసుకొస్తే బరువుల ఊసే ఎత్తకుండా సర్జన్‌కి చూపించాలి. ఏమీ తగలకపోతే మంచిదే, అయినా వారానికోసారి ఇలా చూసుకుంటూ ఉండండి. గాటు చుట్టూ మొద్దుబారినట్టు, చీమలు పాకినట్టు ఉంటే భయపడకండి. తెగిన సన్నటి నరాలు తేరుకోవడానికి నెలలు పడుతుంది.

ఇక ఎప్పుడు, ఎంత అనేది. మొదటి ఆరు వారాలు నాలుగైదు కిలోలు దాటొద్దని సాధారణంగా చెబుతాం. అది మీకు గడిచింది. మీ పనిలో తూకాలు నాకంటే మీకే బాగా తెలుసు. నిండు సిలిండర్‌లో గ్యాస్ 14.2 కిలోలు, ఖాళీ సిలిండర్ మరో పదిహేను పదహారు కిలోలు. దాని మెడ దగ్గర రాసి ఉండే ఖాళీ బరువే మీకు మెట్టు. ఇప్పుడు అయిదు లీటర్ల నీళ్ల క్యాన్‌తో మొదలుపెట్టి, రెండు వారాలకు పది లీటర్లకు రండి. మూడు నెలలు నిండాక, చెకప్‌లో సర్జన్ చెయ్యి పెట్టి చూసి సరేనన్నాక, ఖాళీ సిలిండర్. అదీ నేల మీదే, ట్రాలీ నుంచి గుమ్మం దాకా. రెండు మూడు వారాలు అలా గడిచి ఏ నొప్పీ లేకపోతే నిండుది నేల మీద. మెట్లెక్కి మోయడం అన్నిటికంటే చివర. ఎత్తేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్లు వంచి, ఊపిరి బిగబట్టకుండా వదులుతూ ఎత్తాలి. ఏ దశలో గాటులో లాగినట్టనిపించినా ఒక దశ వెనక్కి రావాలి. మీ సర్జన్ ఇంతకంటే ఎక్కువ గడువు చెబితే ఆయన మాటే వినండి, లోపల ఎలా కుట్టారో ఆయనకే తెలుసు. పొట్టకు బెల్టు కట్టుకుంటే చాలు ఏదైనా ఎత్తొచ్చని కొందరంటారు. బెల్టు ఊతం ఇస్తుందే తప్ప లోపలి పొరకు బలం తేదు.

దగ్గు, మలబద్ధకం కూడా బరువు ఎత్తినట్టే. ముక్కి ముక్కి దొడ్డికి వెళ్లడం పొట్ట గోడకు సిలిండర్ కంటే తక్కువేమీ కాదు. దగ్గొస్తే చిన్న దిండు గాటుకు అదిమిపెట్టుకుని దగ్గండి. ఆస్పత్రిలో సిస్టర్లు నేర్పించే ఉంటారు, ఇంటికెళ్లగానే అందరూ మర్చిపోతారు. బీడీ, సిగరెట్ అలవాటుంటే ఈ ఏడు వారాల్లో మానేసే ఉంటారని ఆశ. కిడ్నీ క్యాన్సర్‌కు తెలిసిన కారణాల్లో పొగ ఒకటి, ఊబకాయం, బీపీ మిగతావి.

ఇప్పుడు ఆ గోళీ. నొప్పి తగ్గడానికి మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ లాంటివి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. రెండు కిడ్నీలున్నప్పుడు అప్పుడప్పుడూ వేసుకుంటే శరీరం తట్టుకుంటుంది. మీకిప్పుడు ఆ మినహాయింపు లేదు. వాటిలోనూ అధ్వానం ఏమిటంటే, ఎండలో పొద్దంతా చెమటోడ్చి, సరిగా నీళ్లు తాగక, రాత్రికి ఆ గోళీ వేసుకోవడం. ఒంట్లో నీరు తగ్గి కిడ్నీ అసలే రక్తానికి కటకటలాడుతున్న వేళ, ఉన్న దారి కూడా ఇరుకు చేసినట్టవుతుంది. సిలిండర్లు మోసేవాళ్లు, హమాలీలు, మేస్త్రీలు సరిగ్గా ఆ వేళకే వేసుకుంటారు, ఎందుకంటే నొప్పి లేచేది అప్పుడే. మీ తప్పని అనడం లేదు. ఒళ్లు హూనమైనవాడికి పది రూపాయల గోళీ తప్ప వేరే దారి ఎవరు చూపించారు?

నొప్పికి పారాసిటమాల్ వాడండి. మీ డాక్టర్‌ని అడిగి, రోజుకు మూడు గ్రాములు దాటకుండా, అంటే 650 బిళ్ల నాలుగు సార్లకు మించకుండా. వేడినీళ్ల కాపడం, మర్దనా మంచివే. ఇంజెక్షన్ అయినా అంతే జాగ్రత్త. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి "ఒళ్లునొప్పులు, ఒక సూది వెయ్యి" అంటే చాలాసార్లు పడేది డైక్లోఫెనాకే. ఏ మందు తీసుకునేముందైనా "నాకు ఒక్కటే కిడ్నీ" అనే మాట ముందు అనండి. ఒక అట్టముక్క మీద రాసి ఆధార్ కార్డుతో పాటు జేబులో పెట్టుకుంటే ఇంకా మంచిది, స్పృహలేని స్థితిలో ఎవరైనా ఆస్పత్రికి తీసుకెళ్లినా పనికొస్తుంది. నాటుమందుల విషయంలోనూ ఇంతే కచ్చితంగా ఉండండి. ఈశ్వరి వేరు, గాడిదగడపర ఆకు జాతి మొక్కల్లో ఉండే విషపదార్థం కిడ్నీని పాడుచేస్తుందనీ, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుందనీ రుజువైంది. "కిడ్నీ శుభ్రం చేసే" భస్మాలు, పొడులు ఎంత నమ్మకస్తుడు ఇచ్చినా వద్దు. బీరు తాగితే కిడ్నీ కడిగినట్టవుతుందనే మాట కూడా మీ చెవిన పడే ఉంటుంది. అది పూర్తిగా అబద్ధం.

క్రియాటినిన్ 1.4 చూసి ఎంత కంగారుపడ్డారో అర్థమైంది. ఆ రిపోర్టులో నల్లగా ఒత్తి రాసిన అంకె చూసి నిద్రపోని వాళ్లు చాలామంది. ల్యాబ్ వేసే ఆ హద్దు రెండు కిడ్నీలున్నవాళ్ల లెక్క. ఇద్దరు చేసే పని ఒకరి మీద పడ్డప్పుడు అంకె కొంచెం పెరగడం సహజం. మీ వయసుకు 1.4 అంటే, కిడ్నీ ఎంత వడకడుతోందో చెప్పే జీఎఫ్‌ఆర్ అనే లెక్క 65 దగ్గర వస్తుంది. అరవై పైన ఉండటం మంచి సంగతే. మిగిలిన కిడ్నీ రానున్న నెలల్లో కాస్త పెద్దదై ఎక్కువ పని అందుకుంటుంది. కిడ్నీ దానం చేసినవాళ్లలోనూ ఇదే జరుగుతుంది, వాళ్లు ఒక్కదానితోనే దశాబ్దాలు బతుకుతున్నారు. మీరు చూడాల్సింది ఒక్క రోజు అంకెను కాదు, అది ఎటు నడుస్తోందనేదాన్ని. 1.4, 1.4, 1.3 అని సాగితే నిశ్చింతగా ఉండండి. 1.4, 1.6, 1.9 అని పెరుగుతూ పోతే వెంటనే కిడ్నీ జబ్బుల డాక్టర్‌ను (నెఫ్రాలజిస్టు) కలవాలి. దాంతో పాటు మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో చూసే పరీక్ష చేయించండి, చవకైనదే. బీపీ 130/80 లోపు ఉండాలి. కిడ్నీని నిశ్శబ్దంగా తినేసేది ఎక్కువగా బీపీ, షుగరే.

తిండి గురించి మీరు అడగలేదు గానీ ఇంట్లో ఈపాటికి టమాటా, పాలకూర, పప్పు, గుడ్డు అన్నీ బంద్ చేసి ఉంటారని నా అనుమానం. అవసరం లేదు. పొటాషియం, ఫాస్ఫరస్ రిపోర్టులు తేడాగా ఉంటేనే ఆ పథ్యాలు. పప్పు, గుడ్డు, చేప మామూలుగా తినండి, గాయం మానడానికి ప్రొటీన్ కావాలి. ప్రొటీన్ పౌడర్ డబ్బాలు మాత్రం వద్దు. తగ్గించాల్సింది ఉప్పు. ఆవకాయ, అప్పడాలు, చారులో మళ్లీ వేసుకునే చిటికెడు, అన్నీ కలిపి రోజుకు ఒక టీస్పూను లోపు. నీళ్లకు మూత్రం రంగే గుర్తు. లేత పసుపు ఉంటే చాలు. వేసవిలో ఓరుగల్లు ఎండ నలభై దాటుతుంది, ట్రాలీలో రెండు లీటర్ల బాటిల్ లేకుండా బయలుదేరకండి. పైఅంతస్తుల ఇళ్లు పొద్దున ఎనిమిదిలోపే ముగించేలా రూటు మార్చుకోండి. డెలివరీలో బాత్రూం దొరకదని నీళ్లు తాగడం మానేస్తారు కొందరు, మీరు ఆ పని చేయొద్దు.

కీమో సంగతి. మీ చుట్టాలు ప్రేమకొద్దీ అంటున్నారు, కానీ వాళ్లు చూసింది వేరే క్యాన్సర్లను. కిడ్నీలో ఎక్కువగా వచ్చే ఈ రకం క్యాన్సర్ మీద మామూలు కీమో సరిగా పనిచేయదు. మీకు ఇవ్వకపోవడం డబ్బు లేకనో, నిర్లక్ష్యం వల్లనో కాదు. గడ్డ ఏడు సెంటీమీటర్లలోపు ఉండి కిడ్నీ దాటకపోతే మొదటి దశ అంటారు, మీది అదే. దానికి ఆపరేషనే వైద్యం. ఈ దశలో దొరికినవాళ్లలో పదింట తొమ్మిది మంది దాకా అయిదేళ్ల తర్వాత కూడా బాగానే ఉంటారు. గడ్డ రక్తనాళంలోకి పాకినవాళ్లు, తిరిగి వచ్చే ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు ఆపరేషన్ తర్వాత పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్, అంటే ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు, ఇస్తున్నారు, 2021లో అమెరికాలో దానికి ఈ అవసరానికి అనుమతి వచ్చింది. మీ రిపోర్టును బట్టి మీకు దాని అవసరం రాలేదు.

అలాగని చెకప్‌లు మానేయడానికి లేదు. మీ సిలిండర్ మెడ మీద ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో ఒకటి, పక్కన సంవత్సరం ఉంటాయి కదా. అవి చెప్పే టెస్టు గడువు వచ్చిందంటే సిలిండర్ చూడ్డానికి నిగనిగలాడుతున్నా టెస్టుకు పంపేస్తారు. మీకూ అంతే. ఒంట్లో బాగుందని స్కాన్ వాయిదా వేయకండి. ఈ జబ్బు తిరిగొస్తే ఎక్కువగా ఊపిరితిత్తుల్లో కనిపిస్తుంది, అప్పుడు దగ్గూ ఆయాసం ఏమీ ఉండకపోవచ్చు. అందుకే పొట్ట స్కాన్‌తో పాటు ఛాతీది కూడా తీయిస్తారు. మొదటి ఏడాది ఒకటో రెండో, తర్వాత ఏడాదికోసారి, కనీసం అయిదేళ్లు. రంగుమందు ఎక్కించి తీసే సీటీకి ముందు తాజా క్రియాటినిన్ చూడమని అడగండి. స్కాన్‌కి ముందు వారం రోజులు టెన్షన్‌గా, చిరాకుగా ఉంటే ఆ సంగతి ఇంట్లో చెప్పుకోండి. మగవాళ్లు దాన్ని లోపల పెట్టుకుని పిల్లల మీద కసురుకోవడం చాలా చూశాను.

ఇంకోటి. 46 ఏళ్లలోపే కిడ్నీ క్యాన్సర్ వచ్చినవాళ్లలో కొద్దిమందికి అది వంశపారంపర్యం కావచ్చు. ఎక్కువమందికి కాదు. అయినా మీ వయసు 41 కాబట్టి జన్యుపరీక్ష అవసరమా అని ఒకసారి అడగండి, ముఖ్యంగా మీ అమ్మానాన్నల వైపు ఎవరికైనా కిడ్నీ గడ్డలుంటే. ఇది అంటుకునే జబ్బు మాత్రం కాదు. పిల్లలతో కలిసి తినండి, పక్కన పడుకోబెట్టుకోండి. మీ దంపతుల సంగతి కూడా అడగడానికి మొహమాటపడి ఉంటారు. ఈపాటికి దానికీ అడ్డేమీ లేదు, గాటు మీద బరువు పడకుండా చూసుకుంటే చాలు.

మధ్యాహ్నం ఒళ్లు తూలడం రెండు మూడు నెలలు ఉంటుంది, అది సోమరితనం కాదు. ఒక గంట పడుకోండి. పొద్దున, సాయంత్రం ఇరవై నిమిషాల నడకతో మొదలుపెట్టి ముప్పై, నలభైకి పెంచండి. హిమోగ్లోబిన్ కూడా ఒకసారి చూపించుకోండి. 100.4 దాటిన జ్వరం, ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, మూత్రంలో రక్తం, మూత్రం బాగా తగ్గిపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఓనర్‌కి "వస్తాను, వస్తాను" అని చెప్పడం ఆపేయండి. తేదీ లేని మాటతో ఆయనకూ విసుగు, మీకూ టెన్షన్. డాక్టర్ దగ్గర ఫలానా తేదీ దాకా బరువులు ఎత్తకూడదు, తేలిక పని చేయొచ్చు అని రాయించుకుని ఆ కాగితం చేతికివ్వండి. ఏజెన్సీలో తేలిక పని లేదనడానికి వీల్లేదు. బుకింగ్ కౌంటర్, గోడౌన్ లెక్క, ఇళ్లకెళ్లి స్టవ్, రెగ్యులేటర్, రబ్బరు పైపు తనిఖీ చేసే మెకానిక్ పని ఉంటాయి. పద్నాలుగేళ్ల అనుభవం ఉన్న మీకు ఆ మెకానిక్ పని వారంలో వచ్చేస్తుంది. పని మానేయాలన్న మీ ఆవిడ మాటనూ తోసెయ్యకండి. ఆవిడ భయపడుతోంది సిలిండర్‌ని చూసి కాదు, మిమ్మల్ని మళ్లీ ఆపరేషన్ థియేటర్ గుమ్మం దగ్గర కూర్చుని చూడాల్సి వస్తుందేమోనని. ఈ మూడు నెలలూ ఏ పెద్ద నిర్ణయమూ తీసుకోకుండా ఆ మెకానిక్ పని చేసి చూడండి. నా మనసులో మాట చెప్పాలంటే, వీలైతే అందులోనే స్థిరపడటం మంచిది. మోయలేరని కాదు. మోసిన రాత్రి మళ్లీ గోళీ కోసం చెయ్యి చాస్తారేమోనని.

మీ జీతంలోంచి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) చందా కట్ అవుతోందా చూసుకోండి. పది మంది, అంతకుమించి పనిచేసే చోట అది వర్తిస్తుంది. కట్ అవుతుంటే సిక్‌నెస్ బెనిఫిట్ కింద వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. క్యాన్సర్ లాంటి పెద్ద జబ్బులకు, రెండేళ్ల సర్వీసు, సరిపడా చందా రోజులు ఉంటే, 80 శాతం చొప్పున ఇంకా ఎక్కువ కాలం ఇస్తారు. ఆ బెనిఫిట్ తీసుకుంటున్న రోజుల్లో పనిలోంచి తీసేయకుండా ఏ రక్షణ ఉందో కూడా ఈఎస్ఐ వాళ్లనే అడగండి. డిశ్చార్జ్ సమ్మరీ, బయాప్సీ రిపోర్టు పట్టుకుని ఈఎస్ఐ డిస్పెన్సరీకి ఈ వారమే వెళ్లండి. మళ్లీ స్కాన్లకో, ఇంకే చికిత్సకో అవసరమైతే తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. దేనికి వర్తిస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

మూడో నెల చెకప్‌కి హైదరాబాద్ వెళ్లేటప్పుడు పాత స్కాన్ సీడీ, బయాప్సీ కాగితం, ఇప్పటిదాకా వచ్చిన క్రియాటినిన్ అంకెలు తేదీలతో రాసిన చీటీ తీసుకెళ్లండి. అదే చీటీ వెనక ఇవి రాసుకోండి: గాటు దగ్గర హెర్నియా ఏమైనా ఉందా, ఎన్ని కిలోల దాకా ఎత్తొచ్చు, తర్వాతి స్కాన్ ఏ నెలలో, జన్యుపరీక్ష కావాలా. మీ ఆవిడని కూడా లోపలికి తీసుకెళ్లండి, డాక్టర్ చెప్పేది ఆవిడా నేరుగా వినాలి.